దాలమ్మ ఉరఫ్ డాలింబ

బరంపురం కోర్టు వెనక గోడకి
రేకు చూరు దించి వేసుకున్న బల్ల నాది.
ఒడియా మిషను ఒకటి, ఇంగ్లీషు మిషను ఒకటి.
తెలుగుది లేదు. తెలుగు నా నోట్లో ఉంటుంది,
అందుకే గోపాలపూర్ వాడవాళ్లు
ముందు నా దగ్గరికొస్తారు, తరవాతే వకీలు.

ఆవేళ వచ్చిన పిల్లకి ఇరవై ఆరేళ్లుంటాయి.
సంచీలో ఐదు కాగితాలు,
ఐదింట్లో ఐదుగురు మనుషులు.
పుట్టినప్పుడు బర్రి దాలమ్మ.
బడిలో ఒడియా మాస్టారి నోటికి ఆ పేరు అందక
డాలింబ అని రాసుకున్నాడు, దానిమ్మ పండు.
రేషను కార్డులో బారిక్ డాలి.
ఆధార్‌లో ఇంటిపేరు తోకకి పోయింది.
ఓటరు కార్డులో మగమనిషి.
"ఇందులో నువ్వెవరమ్మా?"
"ఏటో బాబూ, ఎలా పిలిసినా పలుకుతాను."

కెనడాలో ఏదో మంచు ఊరు, చేపలు కోసే కంపెనీ.
"అక్కడ మనవాళ్లెవరున్నారు?"
"ఎవులూ నేరు. సేపలున్నాయి కదా."
ఏజెంటు లక్షా నలభై వేలు పుచ్చుకుని
పద్నాలుగు పేజీల ఇంగ్లీషు చేతిలో పెట్టి
చివర పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తు వేశాడట,
ఇక్కడ సంతకం అని.

సుజాత పట్నాయక్ వకీలమ్మ
కిళ్లీ దవడకి నెట్టి
పద్నాలుగు పేజీలూ చదివింది.
బంట్రోతు కేసు పిలుపు పిలిచినా
తొమ్మిదో పేజీ మీంచి వేలు తియ్యలేదు.
ఆవిడ ఒడియాలో అంటే నేను తెలుగులో అన్నాను:
పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో ఉంటుందిట.
గది అద్దె ఎంతో రాయలేదు, జీతంలో కోస్తారుట.
మధ్యలో మానేస్తే విమానం ఖర్చు నీదేనట.

అంటూంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.
ఇరవై రెండేళ్లుగా ఈ బల్ల మీద
ప్రతి కాగితం అడుగునా కొడుతున్న మాట ఒకటుంది:
"చదివి వినిపించడమైనది."
సూరాడ తాతాలు కాగితమూ నేనే కొట్టాను.
మస్కట్ నుంచి ఓసారి ఫోను చేసి
"ఏటి రాసినావు బాబూ అందులోన?" అన్నాడు.
మళ్లీ చెయ్యలేదు.

దాలమ్మ సంచీ తాడు వేలికి చుట్టుకుంటూ కూచుంది.
"మా అయ్య సావుకారి పడవెక్కినపుడు
వల సావుకారిది, తెడ్డు సావుకారిది,
పడ్డ సేపా సావుకారిదే.
తడిసిన ఒళ్లు మటుకు మా అయ్యది.
ఇదీ ఆ కాయితవేనా?"

ఆ మాట ఒడియాలోకి మార్చడానికి కొంచెం సేపు పట్టింది.
వకీలమ్మ ఎర్ర పెన్ను మూత తీసింది.

మూడు నెలలు.
ఏజెంటు చూపిన లైసెన్సు నంబరు ఇంకెవరిదో.
కంపెనీ మాత్రం నిజంగా ఉంది, అదో వింత.
ఉత్తరానికి ఉత్తరం, దానికో ఉత్తరం.
నోటీసు అందాక ఏజెంటు అరవై వేలు వెనక్కిచ్చి
మిగతాదానికి ఫోనెత్తడం మానేశాడు.
తొమ్మిదో పేజీ మారి వచ్చింది:
పాస్‌పోర్టు మాట లేదు, విమానం మాట లేదు,
అద్దె ఉంది, అంకె వేసి.
"చలికి ఏం చెయ్యాలో నాకు తెలీదు," అంది వకీలమ్మ,
"కాగితం వరకు ఇంతే."
దాలమ్మ ఫీజుతోపాటు పండుగప్ప తెచ్చింది.
కార్తీకం, వకీలమ్మ ఇంట్లో నెలంతా చేప ముట్టరు.
అది మా ఇంట్లో ఉడికింది.

ఆఖర్న మిగిలింది అఫిడవిట్టు.
బర్రి దాలమ్మ ఉరఫ్ డాలింబ ఉరఫ్ బారిక్ డాలి
ఉరఫ్ దాలమ్మ బర్రి, పైన చెప్పిన అందరూ ఒక్కరేననీ
ఆ ఒక్కరూ నేనేననీ
ప్రమాణం చేసి చెబుతున్నాను.
కింద, అలవాటుగా, "చదివి విని" దాకా కొట్టి
వేళ్లు ఆగిపోయాయి.

లేచి బల్ల చుట్టూ వచ్చి
ఆ పిల్ల పక్కన బెంచీ మీద కూచున్నాను.
మొదటి అక్షరం నుంచి చదివాను.
నాలుగో వరుసలో చెయ్యి అడ్డం పెట్టింది.
"మా అయ్య ఎల్లయ్య కాడు బాబూ, ఎల్లాజీ."

స్టాంపు కాగితం ఒకటి దండగ.
నా ఖాతాలో రాసుకుని
కొత్తది ఎక్కించాను.